మూతికీ తెలుపుకీ మధ్య

ఆదివారం ఆరాధన అయ్యీ కాకముందే
పాలపర్తి ఏసోబు గుమ్మంలో నిలబడ్డాడు,
బాదం ఆకులో చుట్టి, పైన పాత పేపరు చుట్టి.
"కొవ్వు కాస్త ఉండనిమ్మన్నావు గదా, ఉంచా.
ఏం చేస్తావక్కా, అరకిలోతో?"
కుడుములు, అన్నా.
పంది కుడుములా అని
బిట్రగుంట స్టేషను దాకా నవ్వుకుంటా పోయాడు.

చెక్క మీద పెట్టి రెండు కత్తులతో కొట్టాలి
ముద్దయ్యేదాకా.
అల్లం, ఉల్లికాడలు, సోయా సాసు,
గానుగ నువ్వుల నూనె ఒక మూతెడు.
నీళ్లు చెంచాడు చెంచాడు పోస్తా
ఒకే వైపు తిప్పాలి.
వెనక్కి తిప్పితే ఏమవుద్దో నాకు తెలీదు,
జావయ్య ఒకసారి నా మణికట్టు పట్టుకొని ఆపాడు,
అంతే తెలుసు.

అతని పేరు జావో.
కృష్ణపట్నం దగ్గర కరెంటు ఫ్యాక్టరీ కడతన్నప్పుడు
వాళ్ల క్యాంపులో అతను వండేవాడు,
నేను గిన్నెలు తోమేదాన్ని.
నోరు తిరక్క మేమంతా జావయ్య అన్నాం,
అతనూ పలికాడు.
నా పేరు సంపూర్ణ. అతని నోట్లో అది షాంపూ అయింది.
చెల్లుకు చెల్లు.

మా ఇద్దరికీ ఉన్న భాష వేళ్లే.
పది ఒకసారి, ఎనిమిది ఒకసారి చూపించేవాడు:
ఒక్కో కుడుముకి అన్ని మడతలు.
నాది కజ్జికాయల చెయ్యి,
అంచు నొక్కి గిల్లుకుంటా పోవడమే తెలుసు.
ఇదట్టా కాదు. బొటనవేలు కదలకూడదు.
చూపుడువేలే చుట్టూ తిరిగి
మైదా అంచుని కొంచెం కొంచెం దగ్గరికి పిలవాలి,
అలిగి మూల కూకున్న పిల్లని పిలిచినట్టు.
ఇప్పటికీ పదకొండు దగ్గరే
నా మడతలు అయిపోతాయి.

పని ఆగిపోయిన ఏడాది
తెల్లారేసరికి వ్యాన్లలో వాళ్లు వెళ్లిపోయారు.
నేను బోర్లించిన గిన్నెల మధ్య
నాకోసం ఉంచినట్టో, మర్చిపోయినట్టో
ఈ జానెడు కర్ర.
మధ్యలో మందం, అంచున పల్చన.
ఆ ఒడుపు దానికే తెలుసు, నేను పట్టుకుంటానంతే.

ఇడ్లీ గిన్నెలో నీళ్లు. రేకు మీద తడిగుడ్డ.
పక్కవాటా హైమావతిగారు పిట్టగోడ మీంచి
"ఏందమ్మే, ఈ పూట ఆవిరి కుడుతున్నావు?"
"కుడుములండీ."
అబద్ధమేం కాదు.
పెట్టమంటే మాత్రం పెట్టను.
అరనిజం నోటితో చెప్పొచ్చు,
ఒకళ్ల ప్లేట్లో పెట్టకూడదు.

మా నాయన లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశాడు,
బొగ్గింజన్లు ఉన్నన్నాళ్లూ.
ఇప్పుడు కళ్లు ఆనవు.
గిన్నె పక్కన పీటేసుకొని చెవి పెడతాడు.
"ఇంకా పచ్చి ఆవిరే. ఉండు."
తెల్లగా పైకి పోతంది గదా నాయనా, అంటే
"అది ఆవిరి కాదమ్మే. చల్లారి కనపడతంది.
మూతికీ ఆ తెలుపుకీ మధ్య
రెండు వేళ్ల సందు ఏమీ లేనట్టు ఉంటది చూడు,
అదీ ఆవిరి. బండిని లాగింది అదే.
ఈ చెయ్యి కాల్చిందీ అదే."

మూత తీశా.
పన్నెండులో ఒకటి పగిలింది,
గుడ్డ మీద రసం మచ్చ.
తొందరగా చల్లారుద్దని ఆయనకి అదే ఇచ్చా.
చింతపులుసులో మిరపకారం కలిపి పక్కన పెట్టా,
జావయ్య చూస్తే తల పట్టుకొనేవాడు.
పళ్లు లేని నోట్లో అటూ ఇటూ తిప్పి
"ఎవరిదమ్మే ఇది?" అన్నాడు.
ఏసోబు తెచ్చాడు నాయనా.
"మాంసం కాదు. ఈ చెయ్యి ఎవరిదని."

ఏం చెప్పను.
పది వేళ్లు ఒకసారి, ఎనిమిది ఒకసారి చూపించా.
ఆయనకి కనపడలా.
ఇంకోటి పెట్టమని
అరచెయ్యి చాపాడు.