తెల్లతెర ముందు

మొదటిరోజు నాకొక నారింజరంగు చొక్కా ఇచ్చారు,
వీపు మీద ట్రైనీ అని అచ్చుగుద్ది.
చెవుల్లో కుక్కుకోడానికి రెండు స్పాంజి ముక్కలు.
ఇక మూడు నెలలు
మనుషులంటే నాకు కదిలే పెదవులు.

కిసుము ఊరి చివర కూల్‌డ్రింకు ఫ్యాక్టరీ.
గాలి తిరిగితే సరస్సు వాసన, తిరక్కపోతే పంచదార పాకం.
కడిగే యంత్రానికీ నింపే యంత్రానికీ మధ్య
ఎత్తు స్టూలు మీద అపోండి.
ఆమె ఎదుట వెలిగే తెల్లతెర,
తెర ముందు ఖాళీ సీసాలు
ఓటేయడానికొచ్చిన జనంలా
భుజాలు రాసుకుంటూ, నిమిషానికి రెండొందలు.

ఇరవై నిమిషాలు చూడాలి,
ఇరవై నిమిషాలు చూపు తిప్పుకోవాలి. రూలది.
"పంతొమ్మిదేళ్లుగా నా జీతంలో సగం
కళ్లు మూసుకున్నందుకే"
అని తనే చెప్పి తనే నవ్వేది.

"సీసాని చూడకు పిల్లోడా,
దాని వెనక వెలుతుర్ని చూడు.
వెలుతురు ఎక్కడ తడబడితే
అక్కడ చెయ్యెయ్యి."

మరిగే సోడాకారంలో మునిగొచ్చినా
కొన్ని పట్టు వదలవు.
వంకరపోయిన స్ట్రా. సగం కాలిన అగ్గిపుల్ల.
ఎవరి గోడ కట్టినప్పటిదో అడుగున గడ్డకట్టిన సిమెంటు.
ఒకసారి, నాలుగు మడతల మటాటూ టికెట్టు.
ఎలా దూర్చారో సరే, ఎందుకు దూర్చారు?
అపోండి దాన్ని ఆరబెట్టి జేబులో వేసుకుంది.

కిరసనాయిలు సీసాలు మాత్రం కడగకముందే దొరకాలి.
వాటికి కన్ను చాలదు, ముక్కు కావాలి.
ఒకటి ఎత్తి వాసన చూశాను,
నా ఆరో తరగతి లెక్కల పుస్తకం.
మూతకి చిల్లు, చిల్లులో గుడ్డపీలిక,
ఆ వెలుగులోనే నాకు భాగహారం వచ్చింది.
ఎర్ర పెట్టెలో పడేశాను.
పగలగొట్టాల్సినవి అందులోనే వెయ్యాలి.

రెండో నెల మేనేజరు ముఖ్వానా పిలిచాడు.
జర్మనీ నుంచి ఓ చెక్కపెట్టె దిగింది, అందులో కెమెరా కన్ను.
"ఇదే నీ ప్రాజెక్టు" అన్నాడు,
"గుర్తుపెట్టిన చెడ్డ సీసాలు వంద
వారంలో వరసలోకి వదులు. ఆమెకు చెప్పకు.
ఎన్ని తప్పాయో రాసుకో,
తప్పినవి ముందుకెళ్లి తీసేసుకో."

వదిలాను. దొంగలా, టీ వేళల్లో.
తొంభై ఒకటి పట్టింది.
పట్టినవన్నీ విడిగా ఒక పెట్టెలో పేర్చి
శనివారం నా ముందు పెట్టింది.
"నీ సీసాలు నువ్వే తీసుకో.
మెడ మీద ఒక్క గీతా లేదు,
ఇవి ఎవరూ తాగినవి కావు."

నా చెవులు కాలిపోయాయి.
ఆమె మాత్రం ఫ్లాస్కు మూత తిప్పుతూ
"ఎన్ని జారిపోయాయి?" అంది.
తొమ్మిదన్నాను.
"ఊఁ," అంది. "నేను ఏడనుకున్నా."

ఇక్కడిదాకా రిపోర్టులో ఉంది.

లేనిదొకటుంది.
ఆ తొమ్మిదిలో నేను వెనక్కి తీసింది ఎనిమిదే.
అడుగున నీలం పూస అంటించిన సీసా
నా చెయ్యి అందేలోపు నిండింది, మూత పడింది,
లారీ ఎక్కి బుసియా వైపో కెరీచో వైపో వెళ్లిపోయింది.
తొమ్మిదీ దొరికాయని రాసి సంతకం పెట్టాను.

కెమెరా బిగించారు. దానికి విరామం అక్కర్లేదు.
అపోండిని పెట్టెలు లెక్కపెట్టే చోటికి మార్చారు,
అక్కడ ఎండ, అయినా చుట్టూ మాటలు వినబడతాయట.
నాకిచ్చిన సర్టిఫికెట్టులో
మిక్కిలి శ్రద్ధ గలవాడు అని ఉంది.

వెళ్లేరోజు ఆమెకొక్కదానికే పూస సంగతి చెప్పాను.
తిడుతుందనుకున్నాను.
ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతికిచ్చి
"ఏ రంగు?" అంది.
నీలం.
"నీలమైతే పరవాలేదు," అంది,
"ఏ పిల్లో దాచుకుంటుంది."

నిజంగా పరవాలేదా, అడగలేదు.
ఇప్పటికీ ఏ కొట్టుముందైనా
సీసా చేతికొస్తే మూత తీయను.
ముందు ఎండకెత్తుతాను.
కొట్టువాడు చిల్లర పట్టుకుని
ఎదురు చూస్తూ ఉంటాడు.