ఎర్రదీపం పడినప్పుడు

మాగ్నస్ ఫ్లెట్ గారి ఉత్తరం ఎప్పుడూ
ఆర్డరు నంబరుతోనే మొదలవుతుంది.
ఈసారి నాలుగువేల నాలుగువందల పదిహేడు.
"డబ్బు కట్టి ఆరు వారాలైంది.
ఉప్పుగంట రాజ్యం రెండో సంపుటం, గట్టి అట్టది, ఒకటి.
పాచికల సంచి ఒకటి, ఆకుపచ్చది. పోయినసారి నీలం పంపారు.
మా ఓర్క్‌నీ దీవులకి పడవ రోజూ వస్తూనే ఉంది,
పొట్లం మాత్రం రాలేదు."

ఆ తర్వాత ఒక గీత. గీత కింద
అసలు సంగతి:
"నలభై ఒకటో పేజీలో వేష్ణ నది ఉత్తరానికి పోతుంది,
వెనకట్ట మీది పటంలో దక్షిణానికి.
ఏది నిజం?
మునిగిన ఊళ్ళో గంట మోగించేది ఎవరు?
పన్నెండు తాళాలకి పదమూడు చెవులెందుకు?
శనివారం మా వాళ్ళు నది దాటాలి. దయచేసి త్వరగా."

గీత పైనున్నదానికి నేను జవాబుదారీని.
గ్రిమ్స్‌బీ రేవులో, ఒకప్పుడు చేపలకి పొగబెట్టిన కొట్టు మీద
రెండు గదులు మా కంపెనీ.
కొత్త పుస్తకం తెరిచినా ముందు చేపవాసనే.
ఒకాయన మెచ్చుకున్నాడు కూడా,
సముద్రపు కథకి తగ్గ కాగితం ఎక్కడ దొరికిందండీ అని.

నాకు తెలిసింది టేపు, తూకం, తపాలా బిళ్ళ.
రాజ్యాలు కట్టింది డెరిక్.
ఎనిమిదేళ్ళు రాత్రిళ్ళు కూర్చుని
రాజులకి తాతముత్తాతల్నీ, దెయ్యాలకి బాకీల్నీ రాసి
ఒక సోమవారం తన వాటా నాకమ్మేసి
తొమ్మిదో నంబరు బస్సు తోలడానికి పోయాడు,
ఏరు దాటి తెప్ప తగలేసినట్టు,
ఆ ఏరు ఎటు పారుతుందో కూడా చెప్పకుండా.

అందుకని ప్రతి గురువారం పొట్లాల మూటతో
తొమ్మిదో నంబరే ఎక్కుతాను.
బస్సు కదులుతుండగా డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డుంది.
డెరిక్‌కి అది వేదవాక్కు.
కనక మా చరిత్రంతా
ఎర్రదీపం పడినప్పుడే.

"నది?" అన్నాను మొదటి కూడలిలో.
నీళ్ళు నమిలాడు.
పచ్చదీపం.
రెండో కూడలిలో ఒప్పుకున్నాడు:
పటం గీసిన రోజు వంటబల్లకి అటుపక్క కూర్చున్నాడట,
ఇటుపక్క కూతురు గంజి ఒలకబోసిందట,
తుడిచే హడావిడిలో కాగితం తలకిందులైందట.
"గంట?"
"మా కింద రొట్టెల కొట్టు తలుపుది. తెల్లారగట్ల నాలుగింటికి మోగి చచ్చేది."
"పదమూడో చెవి?"
వెనక ఎవరో హారన్ కొట్టారు.
ఎవరో పిల్ల తల్లి తోపుడుబండి కాస్త పట్టుకోమంది, పట్టుకున్నాను.
పోస్టాఫీసు వచ్చేసింది.
దిగుతుంటే అన్నాడు, ముందుకే చూస్తూ,
"లెక్క తప్పాను హెస్టర్. కూడికలు నీవి కదా."

ఇవన్నీ మాగ్నస్ గారికి ఎలా రాయను?
గాలికి కిటికీలు కొట్టుకునే ఏదో గదిలో
నలుగురు అప్పుడే ఒడ్డున నిలబడి ఉన్నారు.
వాళ్ళకి రొట్టెల కొట్టు పనికిరాదు.

కిటికీలోంచి చూస్తే హంబర్‌లో పోటు మొదలైంది.
పొద్దున సముద్రానికి పోయిన బురదనీళ్ళే
మధ్యాహ్నం తిరిగి వస్తున్నాయి
అదే చెక్కముక్కని వెనక్కి మోసుకుంటూ.
నలభై ఏళ్ళుగా చూస్తున్నదే.

రాశాను:
"రెండూ నిజమే. వేష్ణకి పోటూ పాటూ ఉన్నాయి,
వేళ చూసుకుని దాటమనండి.
గంట నాలుగింటికి మోగుతుంది, ఎవరో నిద్రపట్టనివాళ్ళు.
పదమూడో చెవి మీద విచారణ జరుగుతోంది.
మీ పొట్లం అబర్డీన్‌లో పడుంది, చిరునామాలో ఒక అక్షరం నా పొరపాటు.
ఇంకోటి పంపాను. పాచికలు ఆకుపచ్చవే."

రెండు వారాలకి జవాబు. ముందు ఆర్డరు నంబరు.
"చేరింది. ఒక మూల నొక్కుకుపోయింది.
మా వాళ్ళు నీరు తిరిగేదాకా మూడు గంటలు ఒడ్డున కూర్చున్నారు,
నిజంగానే కూర్చున్నారు, టీ పెట్టుకుని.
ఎవరూ పాచిక వెయ్యలేదు.
ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు."

గీత.

"ఒక్క సందేహం.
పోటు వస్తుందంటే సముద్రం దగ్గరే ఉండాలి.
మరి పటంలో సముద్రమేదీ?"

గురువారం. తొమ్మిదో నంబరు.
ఇవాళ దారి పొడుగునా
అన్నీ పచ్చదీపాలే.