తలపాగా లెక్క

రాయగడ దాటాక, పేపరుమిల్లు వాసన పల్చబడే చోట
నేలని గిన్నెలా తవ్వేరు.
ఇరవైవేలమంది కూకుంటారంట చుట్టూరా.

హాజరు పుస్తకంలో నా పేరుండదు,
‘స్టాఫ్ పట్టే మనిషి’ అనుంటాది.
ఎరుపూ నలుపూ గీతల కొలకర్ర అది,
నాకు మూడింతల పొడుగు.
దాన్ని ఊగనివ్వకపోవడమే నా ఉద్యోగం.
దుర్భిణిలో మనిషి తలకిందులుగా కనిపిస్తాదని ఎవరో అంటే
చాన్నాళ్లు కుచ్చిళ్లు బిగించుకుని నించున్నాను.

కటకం నుంచొచ్చిన నిరాకార్ బాబు
సిమెంటు బస్తా మీద గీసి చెప్పేడు:
ముందోడి నడినెత్తి మీంచి
వెనకోడి చూపు తొంభై మిల్లీమీటర్లు ఎత్తున పోవాల,
పోయి గోలుగీత మూలని తాకాల.
అందుకే పైకెళ్లేకొద్దీ
మెట్టు మెట్టుకీ చిటికెడు ఎత్తు పెరుగుతాది.
“చూపుకీ వాలుంటాదా బాబూ?”
వాన్నీళ్లకే చూస్తాం మేం వాలు.

చెక్కలతో మూడు మెట్లు కట్టి
మమ్మల్నే కూకోబెట్టేరు పరీక్షకి.
ముందు వరసలో దాసినాయుడు,
పార్వతీపురం రాడ్డుమేస్త్రి, ఆరడుగులు.
వెనక నేను.
దూరంగా వెదురుకి కట్టిన బస్తాగుడ్డ, అదే మూల జెండా.

“దిశుచి?” బాబు కేక.
కనిపిస్తోందా అని.
“దిశునాహి.”
నాకొచ్చిన ఒడియాలో సగం ఆ మాటే.

మరేటి కనిపిస్తోంది?
ఎర్ర తువ్వాలు, మూడు చుట్లు,
అందులో దోపిన సగం బీడీ.

“తలపాగా తియ్,” అన్నాడు సూపర్‌వైజరు.
దాసినాయుడు తియ్యలేదు.
“మేచీ మజ్జాన్నం పూట కదా,
జనం ఎండకి నెత్తిన ఏటెట్టుకొస్తారు?”
బాబు పెన్సిలు కొరుకుతూ కూకున్నాడు చాలాసేపు.
ఆయన పుస్తకంలో మనిషికి
జుట్టు కూడా లేదంట.

నాలుగోనాడు కొత్త కాయితం వచ్చింది.
మెట్టుకి పద్దెనిమిది మిల్లీమీటర్లు,
నా బొటనవేలి అడ్డం.
ముప్పైయైదు వరసలు.
కంట్రాక్టరు నావైపు చూసిన చూపుకి
ఏ వాలూ లేదు, తిన్నగా తగిలింది.
నాగావళి ఇసక ఇంకో ఆరు లారీలు.
ఏటిలో ఆ గోతులు
నేనే తవ్వేనేమో అనిపిస్తాది కొన్ని రాత్రులు.

ఇప్పుడు వానాకాలం. పని ఆగింది.
నాలుగు వరసలే లేచేయి,
ఊచలు తుప్పు కారుతున్నాయి.
మైదానం అవాల్సిన చోట మోకాటి లోతు బురద,
అందులో డొంకవతల గూడెం పిల్లలు
వెదురు దుంపల్ని కర్రలు చేసుకుని హాకీ.
గట్టిగా కొడితే బంతికంటే నీళ్లే ముందెగురుతున్నాయి.

నేను నాలుగో వరసలో, ఒళ్లో కేరేజీ.
ముందు మెట్టు మీద దాసినాయుడు
తడిసిన తువ్వాలు పిండి
మళ్లీ చుట్టుకుంటున్నాడు,
ఈసారి కావాలనే ఇంకో చుట్టు ఎక్కువ.

“దిశుచి?” అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

ఉండవోయ్,
బంతి మూలకి పోతోంది.