ముప్ఫై రెండు శాతం దగ్గర

ఉలాన్‌బాతర్‌లో జనవరి. నరంతూల్ బజారు చివర
ఇనుప కంటైనరు నా దుకాణం.
తలుపు తీస్తే ముందు ఆవిరి వస్తుంది,
దాని వెనకే మనిషి.

"చచ్చిపోయింది" అంటారు వస్తూనే.
ఫోను సంగతే.
పాడైందని ఎవరూ అనరిక్కడ.

సోయోల్మా పొద్దున్నే వచ్చింది,
రెండు వందల గొర్రెలున్న మనిషి.
"ముప్ఫై రెండు శాతం ఉండగానే ఆరిపోతోంది,
కొత్త బ్యాటరీ వెయ్యి" అని బల్ల మీద డబ్బు పెట్టింది.
డబ్బు వెనక్కి జరిపాను.
ఫోన్ని చంకలో పెట్టుకుని ఉప్పు టీ తాగాను.
కప్పు అడుగంటేసరికి
వెలిగింది. ముప్ఫై ఒకటి.

"చలికి బిగుసుకుపోయింది, అంతే అక్కా.
పైజేబులో కాదు, దేల్ కోటు లోపల
ఒంటికి ఆనించి పెట్టుకో."
"గొర్రెపిల్లనా?" అని నవ్వింది.
అవును, రాత్రి ఈనిన గొర్రెపిల్లనే.
పన్నెండేళ్లుగా నేను చెబుతున్న మాటకి
పోలిక ఆమె దగ్గరుంది.

నాకేమీ పుట్టుకతో రాలేదు ఇది.
పని నేర్పిన గల్సన్
"సున్నాకి దిగాకే చార్జింగ్ పెట్టాలి" అనేవాడు,
గిన్నె తోమాకే పాలు పొయ్యాలన్నంత నమ్మకంగా.
ఆయన కాలపు బ్యాటరీలకి అది నిజమే.
బ్యాటరీలు మారాయి, మాట మారలేదు.
ఆ మాట పట్టుకుని ఎన్ని ఫోన్ల కడుపు మాడ్చానో!

బియ్యం గొడవ వేరే.
టీలో పడ్డదాన్ని మూడు రోజులు డబ్బాలో పాతి తెస్తారు.
చార్జింగ్ కన్నంలోంచి
సూదితో ఒక నూక తీస్తాను. ఇంకో నూక.
ముందు ఆపెయ్యి, గాలికి పెట్టు, ఆత్రపడకు.
ఈ మూడోదే ఎవరికీ చేతకాదు.

ఒత్గన్ అనే కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చాడు:
"వైరస్! విమానంలా మోగుతోంది."
అడుగు మూత విప్పితే
ఫ్యాను నిండా బొగ్గుమసి, కంబళిలా మందంగా.
బ్రష్షుతో ఊడ్చాను. వైరస్ పోయింది.
వాడి మొహం వాడిపోయింది.
ఎక్కడో శత్రువున్నాడనుకుంటే
ఇంటి పొయ్యే అని తేలింది మరి.
"బయట్నించి తేగానే మీట నొక్కకు.
గుమ్మం దాటగానే కళ్లజోడు ఎలా ఏడుస్తుంది?
లోపల అదీ అంతే. గంట ఆగు."

చీకటి పడ్డాక జాంబల్, పాత కంప్యూటర్ అమ్ముతానని.
"అన్నీ తుడిచేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ."
ఊరుకోవాల్సింది.
"పాత డిస్కు కదా, విషయసూచికలో పేరే కొట్టేశారు,
పేజీలు అలాగే ఉంటాయి,
పైన ఇంకోటి రాసేదాకా" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు.
"అంటే మళ్లీ చదవొచ్చా?"

భయపడి అడిగాడో ఆశపడి అడిగాడో
అర్థం కాక స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.
అమ్మకానికి తెచ్చిన పెట్టెని
అతను మళ్లీ చేతుల్లోకి ఎత్తుకున్నాడు.
"దాని మీద ఇంకేమీ రాయకండి," తలుపు దాకా వెళ్లి అరిచాను,
"ఇంటికెళ్లాక గంట ఆగండి!"

విన్నాడో లేదో. మంచు మీద
చప్పుడు మాత్రం త్వరత్వరగా.