వెనక పంకా

బేతంచెర్లలో నేలంతా రాయే.
నాపబండలు కోసి అమ్ముకునే ఊరు.
అట్లాంటి బండ మీదే పెట్టి తూచినాను,
వెంట్రుకవాసి బరువు అటూ ఇటూ కాకుండా,
ఏడు పొరల టేకు అతికి చెక్కిన పంకా.
రెండు నెలలు. అన్నంలో కూడా రంపప్పొట్టు.

మద్దిలేటి ఇంజను తెచ్చినాడు
డోన్‌లో పాతసామాన్ల అంగడి నుంచి.
"వెనక పెడదామన్నా.
ముందర పెడితే కండ్ల ముందు కవ్వం తిరిగినట్టుంటది.
ఇంత కష్టపడి పైకి పోయేది
ఇంజను వీపు చూసేదానికా?"

నేను ముందరే అన్నాను.
ఎద్దు ముందుంటుంది, తాతల నాటి నుంచి అంతే.
ముందున్న పంకాకు ఎవరూ ముట్టని గాలి.
వెనకదానికి రెక్క నమిలి ఉమ్మిన గాలి.
"ఎంగిలి గాలి తిని ఏం తోస్తుందిరా?"

పడితే ఏమని కూడా అడిగినాను.
వెనకున్న ఇంజను వచ్చి వీపున కూర్చుంటది గదా.
దానికి వాడు జవాబు చెప్పలేదు.
బీడీ వెలిగించినాడు.

జామకాయల బండి ఖాసీంబీ
మా కొట్లాట విని నవ్వింది.
"నలభై ఏండ్లుగా తోస్తాండా నాయనా.
ముందర గుంత కనబడుతుంది కాబట్టే
కాయ కింద పడల్యా.
ఎద్దునడుగు, వెనక బండిలో ఏముందో!"
పంచాయితీ గెలిచినట్టు
మద్దిలేటి ఆమె చెయ్యి పట్టుకొని ఊపినాడు.

సరే, వెనకే బిగించినాం.

పాలిష్ ఫ్యాక్టరీల వెనక దారి,
లారీలు లేవకముందు, తెల్లారుజాము.
వాని ముందర ఏమీ లేదు.
ఎర్రమల కొండల దాకా ఖాళీ.
వాడు అరిచిన అరుపు ఇంజనులో కలిసిపోయింది.
ఇంక నేల విడుస్తుందనగా
ముందు చక్రం ఒక రాతిపలుకును లేపింది.
గోరంత.
టక్.

పైకి పోలేదు, పడనూ లేదు.
ఒక పక్కకు ఒరిగి ఆగింది.
విరిగిన జానెడు ముక్కను
కంపచెట్లలో వెదికి తెచ్చుకున్నాను.

ఇసకనేల ఊరైతే వాడే గెలిచేవాడేమో.
మా ఊర్లో కాలు కదిపితే రాయి లేస్తుంది,
వెనక వచ్చేవాళ్లకే తగులుతుంది.

ఇప్పుడు ముందర బిగించేదానికి
ఇంకొకటి చెక్కుతున్నా.
మద్దిలేటి రోజూ వచ్చి సీట్లో కూర్చుంటాడు,
మొహం ముందు అరచెయ్యి అడ్డంగా ఊపుకుంటూ
అలవాటు చేసుకుంటున్నాడు.

విరిగిన ముక్క ఖాసీంబీ అడిగి తీసుకుంది.
బస్టాండు ఎత్తులో బండి వెనక్కి జారకుండా
చక్రం కింద పెడుతుంది.
టేకు కదా, ఏడు పొరలు.
అరగదు.