కోడు నీళ్లు

సువార్తమ్మ వార్డు మెంబరు.
కుర్చీ మాత్రం వాళ్లాయనకేశారు.

గ్రామసభలో ఆ రోజు
సీసాలో కోడు నీళ్లు పట్టుకొచ్చి
ప్రెసిడెంటు గారి టీ గ్లాసు పక్కన పెట్టింది.
"రొయ్యల చెరువులు మీవి,
దురదలు మా పిల్లలవి.
తాగమనటం లేదండీ,
ఓసారి వాసన చూడండి" అంది.

మైకు ఆగిపోయింది.
కరెంటు పోలేదు,
ఫ్యాను తిరుగుతూనే ఉంది.

తెల్లారేసరికి ఆమెకి మూడు పేర్లు పుట్టాయి.
మూడూ ఇక్కడ రాయదగ్గవి కావు.
నాలుగోది కాస్త మర్యాదైంది:
నోరుగలది.
షెడ్డులో రొయ్య తలలు తీసే పని
చెప్పాపెట్టకుండా పోయింది.
"ఆడదాన్ని అదుపులో పెట్టుకోలేవా" అని
వాళ్లాయన్ని అడిగారు గానీ
నీళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

నేనూ అడగలేదు.
ఆమె పక్క బల్ల దగ్గరే
చేతులు ఐసులో ముంచి, తల దించుకుని
కిలోకింతని లెక్కపెట్టుకున్నాను.

లాకుల దగ్గర పుట్టినదాన్ని, నాకు తెలీదా?
తలుపులు దించితే
నీరు చచ్చిపోదు,
వెనకాల లేస్తుంది.

ఇవాళ పని దిగి
ఇంటికెళ్లే దారి వదిలి
కోడు గట్టు దిగాను.
సంచిలోంచి ఖాళీ సీసా తీశాను.
మూత బిగుసుకుపోయింది.
తిప్పుతున్నాను.