కుడీ ఎడమా

బంతి లేదు.
అసలు సంగతి అది, ముందే చెప్పేస్తే నాకు తేలిక.
బంతిని తర్వాత కంప్యూటర్లో పెడతారట,
పాయసంలో ఆఖర్న జీడిపప్పు వేసినట్టు.

ఈస్ట్‌బోర్న్‌లో, సముద్రానికి రెండు వీధులవతల,
పచ్చిక కోర్టు చుట్టూ రెండొందల మందిమి.
రోజుకి తొంభై పౌండ్లు, ఒక గుడ్డు శాండ్‌విచ్,
ఎండ లేకపోయినా తీయకూడని టోపీ.
మెగాఫోన్ కుర్రాడు కుడి అంటే కుడి,
ఎడమ అంటే ఎడమ.
ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు తోలినదాన్ని,
కుడీ ఎడమా చూడ్డం నాకొకడు నేర్పాలా?
అయినా సాయంత్రానికి మెడ పట్టేసేది.

కథ మీకు తెలిసిందే.
ఆమె నంబర్ వన్, అతను ఆమెకి ప్రాక్టీసు ఇచ్చేవాడు.
తిట్టుకుంటారు. ఒకే గొడుగు. మధ్యలో కుక్కపిల్ల.
ఈ ఆటలో సున్నాని ప్రేమంటారు కదా అన్న జోకు
స్క్రిప్టులో మూడు చోట్ల ఉంది,
మూడు చోట్లా నవ్వమని మాకు జెండా ఊపేవారు.

హీరో రాకెట్‌ని అట్లకాడలా పట్టుకునేవాడు.
హీరోయిన్‌కి గోళ్ళ బెంగ.
అందుకని వీపుల కోసం ఇద్దరిని తెచ్చారు.
వీపులు, భుజాలు, పిక్కలు. మొహాలతో పని లేదు.
రాడ్కా, చెక్ పిల్ల, ప్రపంచంలో నాలుగొందల పన్నెండోది.
గ్విలిమ్, స్వాన్సీ వాడు, మోకాలు పోయాక ఎన్నోవాడూ కాదు.
ఆమెకి బంగారు విగ్గు, అతనికి ఉంగరాల విగ్గు.
వారం రోజులు లేని బంతిని
అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు
ఎంతో శ్రద్ధగా కొట్టారు.
అప్పుడప్పుడు సారీ అనుకునేవారు,
ఎందుకో మరి.

గురువారం. భోజనాల వేళ.
కెమెరా మీద పట్టా కప్పేశారు.
నేను శాండ్‌విచ్ కాగితం విప్పుతున్నాను.

టప్.

వారమై ఆ చప్పుడు వినలేదని
విన్నాక తెలిసింది.
రాడ్కా సంచిలో నిజం బంతి ఉంది.
టప్. టప్. విగ్గులతోనే.
మొదట మర్యాదగా,
పొరుగింటికి గిన్నె తిరిగిచ్చినట్టు, ఖాళీగా ఇవ్వకూడదన్నట్టు.
కాసేపటికి మర్యాద పోయింది.
బంతి మూలలు వెతికింది, గీతల్ని ఒరుసుకుంది.
రెండొందల తలకాయలు, బుగ్గల్లో గుడ్డు కుక్కుకుని,
మెగాఫోన్ లేకుండా తిరిగాయి.
ఒక్క మెడా నొప్పనలేదు.

ముప్ఫై ఎనిమిది లెక్కపెట్టాను, టికెట్లు లెక్కపెట్టిన అలవాటు.
తర్వాతది నెట్ అంచున ఒక్క క్షణం ఆలోచించి
అతని వైపు రాలింది.
గ్విలిమ్ ఆ మోకాలితోనే ఉరికాడు,
జారాడు, లేపాడు.
విగ్గు ఊడి నెట్‌కి వేలాడింది, చచ్చిన ఉడతలా.

"అవుట్" అంది.
"గీత మీదే" అన్నాడు.
పచ్చిక సాక్ష్యం చెప్పే రకం కాదు.
అయినా అతను కుంటుకుంటూ నెట్ చుట్టి వచ్చాడు,
ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు,
బంగారు జుట్టూ బట్టతలా దాదాపు తాకేలా,
ముక్కుపుడక పారేసుకున్నవాళ్ళలా.
వాన మొదలైంది. మేమంతా లోపలికి పరుగు.
వాళ్ళకింకా తేలలేదు.

డైరెక్టర్ కాఫీ కప్పుతో వచ్చి,
"అరే, ఇదీ మనం తీయాల్సింది" అన్నాడు.
పట్టా లాగేసరికి
కోర్టులో విగ్గొక్కటే తడుస్తోంది.

సినిమా నవంబరులో వచ్చింది.
వెళ్ళాను, ముసలివాళ్ళకి సగం ధర ఉండే బుధవారం మ్యాట్నీకి.
బంతి బాగానే పెట్టారు, మరీ పసుపు.
చివర్లో కోర్టు నడుమ ముద్దు, వయొలిన్లు.
నూట తొంభై తొమ్మిది టోపీలు ముద్దు కేసి చూస్తున్నాయి.
ఏడో వరసలో ఒక్కటి మాత్రం పక్కకి.

నేనే.

ఆ పక్కన, కెమెరాకి అందని చోట, కేబుల్ పెట్టె మీద
ఒకామె ఒకతని మోకాలికి ఐసు అదిమి పట్టుకుంది.
అతను వేలితో గాల్లో గీత గీసి
ఇదిగో, ఇక్కడ, అంటున్నాడు.
కాదు కాదని ఆమె తల ఊపుతోంది,
కుడికీ, ఎడమకీ.